ఆటగంటయు పాఠగంటయు: బాలల దేహదార్ఢ్యము, ఆరోగ్యము, చదువు – ఒక సమీక్ష

మన ఉన్నతపాఠశాలలలో ప్రధానోపాధ్యాయుని గదిగోడకు అంటించియుండు కాలపట్టికను చదివినవారికి వారమునకు రెండు మూడు పర్యాయములు వ్యాయామమను మాట కనబడును. ఆ పట్టికను విడిచి, ఆ గంట మ్రోగినవెనుక తరగతిగది వాకిట నిలిచి చూచినవారికి మాత్రము గణితోపాధ్యాయుడు నల్లబల్లపై సమీకరణములను సాధించుచు కనబడును. పదవ తరగతిలో దసరా సెలవులు దాటిన పిమ్మట ఈ దృశ్యము సర్వసాధారణము. డ్రిల్లు మాస్టరు తన గంటను అడిగినదే తడవుగా ఇచ్చివేయును, ప్రధానోపాధ్యాయుడు చూచియు చూడనట్లుండును, తల్లిదండ్రులు సంతోషింతురు, పిల్లలు మాత్రము కిటికీ ఊచల గుండ మైదానమువంక చూచుచుందురు. ఈ విధముగా తీసికొనిన గంటను పరీక్షలైన తరువాతనైనను తిరిగి ఇచ్చిన ఉపాధ్యాయుని గూర్చి నేనింతవరకు వినియుండలేదు.

ఈ అలవాటు వెనుక ఎవ్వరును వ్రాయని సిద్ధాంతమొకటి కలదు. పిల్లవాని దినము కుండలోని నీటివంటిదనియు, ఆటకు ఎన్ని ముంతలు తోడినచో చదువునకు అన్ని ముంతలు తరుగుననియు ఆ సిద్ధాంతము. వినుటకు ఇది లెక్కవలె నిక్కముగా తోచును. కాని లోకములో గడచిన డెబ్బది సంవత్సరములుగా విద్యావేత్తలును వైద్యులును ఈ లెక్కను సరిచూచుచునే యున్నారు. కొన్ని పాఠశాలలలో పాఠమును తగ్గించి ఆటను పెంచి చూచిరి. లక్షలమంది బాలల పరుగును మార్కులను ప్రక్కప్రక్కనుంచి పోల్చిరి. మెదడును చిత్రములు తీసిరి. కడపట కడుపును, కంటిని, నిద్రను సైతము పరిశీలించిరి. ఆ పరిశోధనలలో నిలిచినదేదో, నిలువనిదేదో, మన బడులకు పనికివచ్చునదేదో విడదీసి చూపుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ముందుగా మాటలను వేరుపరుపవలెను. వ్యాయామము, దేహదార్ఢ్యము, ఆరోగ్యము అను మూడింటిని మనము ఒకే అర్థమున వాడుచుందుము. వ్యాయామము చేయు పని. దార్ఢ్యము ఆ పనివలనను, పుట్టువువలనను, తిండివలనను దేహమునకు అబ్బు శక్తి. ఆరోగ్యము ఈ రెండింటికంటెను విశాలమైనది. తెల్లవారి లేచి పొలములో కలుపు తీసి, బిందెతో నీరు మోసి, ఆపైన బడికి వచ్చు బాలిక దినమంతయు శ్రమించుచునే యున్నను ఆమె రక్తమున ఇనుము లేకపోవచ్చును. ఉదయసాయములందు బ్యాడ్మింటను నేర్చుకొను పట్టణపు బాలునికి దార్ఢ్యముండి, కంటిచూపు మందగించి యుండవచ్చును. చదువు అను మాటయు ఇట్లే నాలుగు ముక్కలుగా విడిపోవును: హాజరు, ఏకాగ్రత, నడవడి, మార్కులు. వీనిలో ఒకదానికి కలిగిన మేలును మరియొకదానికి కలిగినట్లు చెప్పుటవలననే ఈ విషయమున సగము గందరగోళము పుట్టినది.

దార్ఢ్యమును కొలుచు సాధనములలో మన పల్లెబడి మైదానమునకు సైతము సరిపడునది యొకటి కలదు. కెనడా దేశమున మాంట్రియాల్ నగరమున లుక్ లెజే అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీనిని రూపొందించిరి. ఇరువది మీటర్ల యెడముగా నేలపై రెండు గీతలు గీయుదురు; మనయొద్ద ముగ్గుపిండి చాలును. యంత్రము నుండి శబ్దము వెలువడులోపల పిల్లలు ఒక గీతనుండి మరియొక గీతకు చేరవలెను. గంటకు 8.5 కిలోమీటర్ల వేగముతో మొదలైన పరుగు నిమిషమునకు అరకిలోమీటరు చొప్పున హెచ్చుచుండును. మొదట అందరును నవ్వుచు, ఒకరినొకరు తోసికొనుచు పరుగెత్తుదురు. మూడు నాలుగు నిమిషములకు నవ్వులు ఆగిపోవును. ఆ పిమ్మట ఒక్కొక్కరే గీతవద్ద మోకాళ్ళపై చేతులూని వంగి నిలిచిపోవుదురు. గుండెయు ఊపిరితిత్తులును ఎంతవరకు రక్తమునకు ప్రాణవాయువును అందింపగలవో ఆ నిలిచిన క్షణమే చెప్పును. క్రింద పేర్కొనబోవు పరిశోధనలలో చదువుతో సంబంధము కలదని తేలినది ముఖ్యముగా ఈ గుండె ఊపిరుల శక్తికే. కండబలమునకు అట్టి సంబంధము అంతగా కానరాలేదు.

పాఠమును తగ్గించి ఆటను పెంచిన ప్రయోగములలో పేరెన్నికగన్న మొదటిది ఫ్రాన్సులో పారిస్ నగరమునకు ఆనుకొనియున్న వాన్వ్ పట్టణమున 1950 ప్రాంతమున ఆరంభమైనది. అచట కొన్ని తరగతులకు ఉదయము పాఠములును మధ్యాహ్నము ఆటలును నియమించి, చదువు కాలమును సుమారు నాలుగవ వంతు తగ్గించిరి. పిల్లలు చదువులో వెనుకబడలేదనియు, ఆరోగ్యమున ముందంజ వేసిరనియు ఆ ప్రయోగము నడిపినవారు ప్రకటించిరి. నాటి పోలికలు నేటి శాస్త్రప్రమాణములకు పూర్తిగా నిలువకున్నను, కుండలోని నీటి సిద్ధాంతమునకు పడిన తొలి బీట అదియే.

దానికంటె పటిష్ఠమైనది కెనడాలో క్విబెక్ రాష్ట్రమున ట్ర్వా-రివియేర్ అను ఊరిలో 1970 నుండి 1977 వరకు సాగినది. ప్రాథమికపాఠశాల బాలబాలికలు 546 మందిలో కొందరికి దినమునకొక గంట చొప్పున వారమునకు అయిదుగంటల అదనపు వ్యాయామమును, ఆ విద్యలో శిక్షితులైన ఉపాధ్యాయులచేత నేర్పించిరి. అందుకై పాఠకాలమును నూటికి పదమూడు పదునాలుగు వంతులు కోసివేసిరి. తొలి సంవత్సరమున పాఠమెక్కువ పొందినవారే కొంచెము మిన్నగా నుండిరి. రెండవ తరగతి మొదలుకొని ఆరవ తరగతి వరకు అదనముగా ఆడినవారి మార్కులే కొంచెము మేలుగా వచ్చెను. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరమున 1978లో పదునాలుగు వారములపాటు దినమునకు 75 నిమిషముల వ్యాయామము చేయించి చూచిరి. అచట లెక్కలలో గాని పఠనమున గాని లాభమును కలుగలేదు, నష్టమును కలుగలేదు. మూడు ఖండములలో మూడు కాలములందు జరిగిన ఈ ప్రయోగములు లాభము విషయమున భిన్నముగా పలికినను, తుదకు నష్టము లేదనుటలో ఏకకంఠముగా నున్నవి. పాఠమునుండి గంట తీసి ఆటకిచ్చినందున మార్కులు పడిపోయినవని ఈ మూడింటిలో ఒక్కటియు చెప్పలేదు.

పెద్ద సంఖ్యల పరిశీలనలు ఇక రెండవ తెగకు చెందినవి. 2001లో కాలిఫోర్నియా రాష్ట్ర విద్యాశాఖవారు అయిదవ తరగతిలో 3,53,000 మంది, ఏడవ తరగతిలో 3,22,000 మంది, తొమ్మిదవ తరగతిలో 2,79,000 మంది విద్యార్థుల దార్ఢ్యపరీక్షా ఫలితములను, పఠన గణిత పరీక్షల మార్కులను జతపరచి చూచిరి. దార్ఢ్యమునకు నిర్ణయించిన ఆరు ప్రమాణములలో ఎన్నెక్కువ అందుకొనినవారైన అంత యెక్కువ మార్కులు పొందియుండిరి. పత్రికలు ఈ వార్తను ‘పరుగెత్తువాడే ప్రథముడు’ అను తీరున చాటినవి. కాని ఇచట తొందరపడరాదు. మంచి తిండి, శుభ్రమైన ఇల్లు, ఇంటిముందు ఆటస్థలము, సాయంకాలము పుస్తకము చదివి వినిపించు తల్లి – ఇన్నియు ఉన్న బాలునికి దార్ఢ్యమును మార్కులును రెండును వచ్చును. అందువలన ఒకదానికి మరియొకటి కారణమని చెప్పుట తగదు. తాటిచెట్టు నీడ పొడవుగా పడినచోట ఎండ వాలినదని గ్రహించవచ్చును గాని, నీడయే ఎండను వాల్చినదని అనరాదు గదా!

ఈ చిక్కును కొంతవరకు విప్పినది 2009లో స్వీడనునుండి వెలువడిన పరిశోధన. 1950–1976 మధ్య జన్మించి, పదునెనిమిదేండ్లకు సైన్యపు పరీక్షకు హాజరైన పన్నెండు లక్షలకు పైబడిన యువకుల వివరములను అందు పరిశీలించిరి. గుండె దార్ఢ్యము హెచ్చుగా గలవారు బుద్ధిపరీక్షలలో మేలుగా నుండిరి. కండబలమునకును బుద్ధిపరీక్షకును అట్టి సంబంధము కానరాలేదు. వారిలో మూడువేలకు పైగా కవలల జంటలుండుటవలన, ఈ సంబంధమునకు పుట్టువుకంటె పెరుగుదలయు పరిసరములునే ప్రధాన హేతువులని లెక్కింప వీలైనది. ఒకే తల్లికడుపున కలిసి పుట్టినవారిలోను ఈ భేదము కనబడినదనగా, కలిమియే సమస్తమునకు కారణమను వాదము కొంత బలహీనపడినది. పూర్తిగా తొలగిపోలేదనియు ఒప్పుకొనవలెను.

మూడవ తెగ మెదడును పరీక్షించినది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున చార్లెస్ హిల్మన్ అను ఆచార్యుడును ఆయన బృందమును, ఇరువది నిమిషములు నడచిన పిల్లలు, ఊరక కూర్చున్నప్పటికంటె, కనులముందు గజిబిజిగా పెట్టిన గుర్తులలో కావలసినదానిని నేర్పుతో ఏరుకొనగలుగుట గమనించిరి. 2014లో ప్రకటితమైన వారి మరియొక పరిశోధనలో ఏడు మొదలు తొమ్మిదేండ్ల వయసుగల పిల్లలు 221 మందిని రెండు పాళ్ళుగా చేసి, ఒక పాలికి తొమ్మిది నెలలపాటు బడి విడిచిన తరువాత ఆటలు నేర్పిరి. ఆడినవారిలో దృష్టిని నిలుపుశక్తి, తొందరపాటును అణచుకొనుశక్తి వృద్ధిపొందెను. జ్ఞాపకమునకు ఆధారమగు హిప్పోక్యాంపస్ అను మెదడుభాగము దార్ఢ్యముగల బాలలలో కొంత పెద్దదిగా నుండుటను ఆ బృందమువారే 2010లో చూపిరి. జార్జియా రాష్ట్రమున స్థూలకాయులైన 171 మంది పిల్లలలో కొందరిచే దినమునకు ఇరువది నిమిషములు, మరికొందరిచే నలువది నిమిషములు చెమటపట్టునట్లు ఆడింపగా, ఎక్కువసేపు ఆడినవారికి లెక్కలలో ఎక్కువ మేలు కలిగినది. ఔషధము మోతాదును పెంచినకొలది గుణము పెరిగినట్లున్న ఈ ఫలితము శాస్త్రజ్ఞులకు ప్రీతికరమైనది. హేతుసంబంధమునకు మోతాదు ఒక మంచి సాక్షి.

ఇంతవరకు చదివినవారు ఇక సందేహమేమున్నదని అడుగవచ్చును. సందేహము మిక్కిలిగా నున్నది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు పరిశోధకులు పాఠములనే కదలికతో జోడించి చెప్పించిరి. పిల్లలు గుణకారమును గెంతుచు, భూగోళమును పరుగెత్తుచు నేర్చిరి. మొదటి పరీక్షలో మార్కులు పెరిగినవి. అదే బృందము మరింత జాగ్రత్తతో మరల చేసి చూడగా పెరుగుదల కానరాలేదు. 2014–15 విద్యాసంవత్సరమున నార్వేలో 57 పాఠశాలలలో అయిదవ తరగతి పిల్లలు 1,129 మందితో చేసిన ప్రయోగమున మొత్తముమీద మార్కులలో భేదమే తేలలేదు. కాని లెక్కలలో అందరికంటె వెనుకబడియున్న పిల్లలను విడదీసి చూచినపుడు వారికి మాత్రము ఉపకారము జరిగియుండెను. ఈ చిన్న వాక్యమును మన ఉపాధ్యాయులు రెండుమారులు చదువవలెను. ఏలయనగా మన బడులలో మైదానమునుండి మొట్టమొదట తప్పింపబడువారు, అదనపు తరగతుల పేరిట గదిలో కూర్చుండబెట్టబడువారు, ఈ వెనుకబడిన పిల్లలే. ఎవరికి ఆట అందరికంటె ఎక్కువ పనికివచ్చునో వారినుండియే మనము దానిని ముందుగా లాగుకొనుచున్నాము.

పై పరిశోధనలన్నియు చాలవరకు కడుపునిండిన దేశములవి. మనదేశపు బడిని వానిచే కొలుచుటకు ముందు వంటింటివైపు చూడవలెను. కోటివిద్యలు కూటికొరకే యని లోకోక్తి. కూడులేనిదే ఒక్కవిద్యయు అబ్బదనుట దాని రెండవ పార్శ్వము. నేడు హైదరాబాదున నున్న జాతీయ పోషకాహారసంస్థ 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెకారిసన్ అను బ్రిటిషు వైద్యుని పరిశోధనశాలగా పుట్టి, 1958లో మన నగరమునకు తరలివచ్చినది. భారతదేశమున ఆయా ప్రాంతములవారు తిను తిండిని ఎలుకలకు పెట్టి, వాని పెరుగుదలను తూచి చూచిన మెకారిసన్, గోధుమరొట్టె పాలు పప్పు కూరలు గల పంజాబు తిండితో పెరిగిన ఎలుకలు బలిసి, మరపట్టిన బియ్యమే ప్రధానమైన దక్షిణాది పేదతిండితో పెరిగినవి కృశించుట చూపెను. నూరేండ్ల తరువాతను ఆ త్రాసు ముల్లు మనకు అనుకూలముగా తిరిగిపోలేదు. 2016–18లో జరిగిన జాతీయ సమగ్ర పోషణ సర్వేక్షణ ప్రకారము, అయిదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలలో నూటికి 22 మంది వయసునకు తగిన యెత్తు లేనివారు; 24 మంది రక్తహీనులు; పది మొదలు పందొమ్మిదేండ్లవారిలో రక్తహీనులు నూటికి 28 మంది. స్థూలకాయులైన పిల్లల సంఖ్య నూటికి నాలుగైదు మాత్రమే. పట్టణపు పత్రికలలో బాలల ఊబకాయమును గూర్చి వచ్చు వ్యాసములు చదివినవారు ఈ నిష్పత్తిని మరువరాదు. మన బడిలో బక్కచిక్కినవాడు, బొద్దుగానున్నవాడు ఒకే బల్లపై కూర్చుండుటయే మన కాలపు విశేషము.

రక్తహీనత చదువును ఎట్లు చెరచునో గ్రహించుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. ప్రాణవాయువును మోయు హిమోగ్లోబినునకు ఇనుము మూలద్రవ్యము. మెదడు పనికిని అదియే కావలెను. ముగ్గుగీతల నడుమ పరుగెత్తుచు రెండవ నిమిషముననే ఆగిపోవు బాలికను ‘సోమరి’ అని పిలుచు మాస్టరు, మధ్యాహ్నము మూడవ గంటలో కునుకుచున్న అదే బాలికను ‘మొద్దు’ అని పిలుచు పంతులమ్మ, ఇరువురును చూచుచున్నది ఒకే వ్యాధిని. వారమునకొకసారి బడిలో పంచు నీలిరంగు ఇనుపమాత్ర ఈమె కొరకే. కాని పరగడుపున మ్రింగినచో అది కడుపులో త్రిప్పును. ఆ భయమున పిల్లలు దానిని జేబులో దాచుకొని కాలువలో పారవేయుట కలదు. భోజనమైన తరువాత, ఉపాధ్యాయుని కంటియెదుట మ్రింగించుటయే దీనికి విరుగుడు.

మధ్యాహ్నభోజనపు చరిత్ర దక్షిణదేశమునకు సన్నిహితమైనది. 1920లో మదరాసు నగరపాలకసంఘము కొన్ని బడులలో మొదలుపెట్టినదానిని 1950వ దశకమున కామరాజు రాష్ట్రమంతటికిని విస్తరింపజేసెను. 2001 నవంబరు 28న సర్వోన్నతన్యాయస్థానము వండిన భోజనము పెట్టవలెనని దేశమంతటికిని ఆజ్ఞాపింపగా, మన ఉమ్మడి రాష్ట్రమున 2003 జనవరిలో అది ఆరంభమయ్యెను. ప్రాథమికతరగతులవారికి 450 కెలోరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు; పై తరగతులవారికి 700 కెలోరీలు, 20 గ్రాములు అను ప్రమాణము నేడు అమలులో నున్నది. అయితే తిండియు మందుమాత్రయు తక్షణమే మార్కులుగా మారునని ఆశింపరాదు. కెన్యాదేశమున 75 పాఠశాలలలో పిల్లలకు నులిపురుగుల మందిచ్చి చూడగా బడి మానుట నాలుగవవంతు తగ్గినది. పరీక్షామార్కులు మాత్రము మారలేదు. ఇందులో ఆశాభంగమేమియు లేదు. ఆరోగ్యము పిల్లవానిని బడివరకు తెచ్చి, బల్లపై నిలువుగా కూర్చుండబెట్టును. ఆపైన నేర్పవలసినది ఉపాధ్యాయుడు.

కన్నును గూర్చియు ఒక మాట. చైనాలో గ్వాంగ్‌జౌ నగరమున పండ్రెండు పాఠశాలలలో ఆరేడేండ్ల పిల్లలను తీసికొని, వారిలో సగము బడులవారిని దినమునకు అదనముగా నలువది నిమిషములు ఆరుబయట ఉంచిరి. మూడేండ్ల పిమ్మట చూడగా, ఆరుబయట తిరిగినవారిలో నూటికి 30.4 మందికి, తిరుగనివారిలో 39.5 మందికి హ్రస్వదృష్టి వచ్చెను. పగటి వెలుతురు కనుగుడ్డు మితిమీరి పొడవగుటను నిరోధించునని నేత్రవైద్యుల ఊహ. ఏదియైనను, నల్లబల్లను చూడలేని పిల్లవాడు చదువులో వెనుకబడుట నిశ్చయము. వానిని గదిలో బంధించి మరికొన్ని గంటలు చదివించుట రోగమునకు ఆజ్యము పోయుటయే. నిద్రయు ఇట్టిదే. పదమూడు మొదలు పదునెనిమిదేండ్లవారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని నిద్రావైద్యులు నిర్ణయించియున్నారు. తెల్లవారుజామున అయిదింటికి లేపి రాత్రి పదింటివరకు కూర్చుండబెట్టి చదివించు వసతికళాశాలలు మన రెండు రాష్ట్రములలోను కొల్లలు. ఆ దినచర్యలో నిద్రకు దక్కునది ఏడుగంటలలోపు. ఆటకు దక్కునది శూన్యము. ఆ భవనములలో పెక్కింటికి మైదానమే లేదు.

మన సంప్రదాయము ఇట్టిది కాదు. ఊరూర సాముగరిడీలుండిన నేల ఇది. వీరఘట్టమునకు చెందిన కోడి రామమూర్తినాయుడు మల్లవిద్యచే లోకప్రఖ్యాతుడగుటకు ముందు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయుడుగా నుండెను. 1920లో హారీ క్రో బక్ మదరాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామకళాశాల అనేకులైన డ్రిల్లు మాస్టర్లను తెలుగుదేశమునకు ఇచ్చెను. స్వాతంత్ర్యానంతరము వైద్యుడైన లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952–53లో పనిచేసిన మాధ్యమికవిద్యాసంఘము, ప్రతి విద్యార్థికిని వైద్యపరీక్ష జరుగవలెనని వ్రాసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమున ఆటస్థలము పాఠశాలకు ఉండవలసిన అంగములలో నొకటిగా పేర్కొనబడినది. నూరుమందికి మించి పిల్లలున్న ఆరు మొదలు ఎనిమిదవ తరగతుల బడికి వ్యాయామబోధకుడును ఉండవలెను. చట్టము చేసినవారు మరువలేదు, అమలుచేయువారు మరచిరి.

బాలికల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. అమెరికాలో శిశుతరగతి మొదలు అయిదవ తరగతి వరకు పిల్లలను వెంబడించిన ఒక పరిశీలనలో, వ్యాయామకాలము ఎక్కువగా పొందిన బాలికలకు చదువున స్వల్పలాభము కలిగినదనియు, బాలురకు లాభనష్టములు లేవనియు 2008లో ప్రకటించిరి. బాలురు బడి విడిచిన వెనుక ఎట్లును ఆడుకొందురు. ఆడపిల్లకు బడిలో దొరకిన ఆటయే ఆట. మనయొద్ద ఈ మాట మరింత నిజము. తొక్కుడుబిళ్ళయు, ఒప్పులకుప్పయు, తాడాటయు ఎనిమిదవ తరగతితో ముగిసిపోవును. ఆ తరువాత ఆమె మైదానపు అంచున పుస్తకములు కాచుచు కూర్చుండును. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునుండి వచ్చి సాంఘికసంక్షేమ గురుకులమున చదువుకొనుచున్న మాలావత్ పూర్ణ, భువనగిరి కొండరాళ్ళపై శిక్షణ ఆరంభించి, 2014 మే 25న పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరమును చేరెను. ఆమె చెప్పిన పాఠము ప్రతి బాలికయు కొండలెక్కవలెనని కాదు. ఒక ప్రభుత్వపు బడి అవకాశమిచ్చిన దినమున పేదయింటి పిల్ల దేహము ఏమి చేయగలదో అది మనకు ముందుగా తెలియదని మాత్రమే.

మన బడులలో మరియొక వింత కలదు. తొడకండరములకు మంచి వ్యాయామములైన గుంజీలును గోడకుర్చీయును మనము శిక్షలుగా వాడుచున్నాము. పిల్లలు మిక్కిలి ప్రేమించు ఆటగంటను తప్పించుటయు శిక్షగానే వాడుచున్నాము. మొదటిదానివలన పిల్లవానికి కదలికపై రోత పుట్టును; రెండవదానివలన చదువుపై రోత పుట్టును. ఇట్టి ఏర్పాటును ద్వేషముతో కల్పించినను ఇంతకంటె చక్కగా కుదరదు. చట్టము 2009లోనే దేహదండనను నిషేధించినది. గోడకుర్చీని మాత్రము ఎవ్వరును దండనగా లెక్కించుట లేదు.

అయిదు మొదలు పదునేడేండ్లవారికి సగటున దినమునకు అరువది నిమిషముల చురుకైన కదలిక ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించినది. 146 దేశములలో 16 లక్షలమంది విద్యార్థుల వివరములను కూర్చి చూడగా, 2016 నాటికి పదకొండు మొదలు పదునేడేండ్లవారిలో నూటికి 81 మందికి అంతపాటి కదలిక లేదు. ఈ గంటను సమకూర్చుటకు పెద్ద వ్యయము అక్కరలేదు. చెడుగుడునకు గీత చాలును. ఖోఖోకు రెండు కొయ్యలు చాలును. మైదానము లేని బడికి తాడు చాలును. ఎండ భయమున్నచోట ఉదయప్రార్థన వెంటనే ఆడింపవచ్చును. కాని కొన్ని నియమములు పాటింపవలెను. సంవత్సరారంభమున కన్ను, రక్తము, ఎత్తు, బరువు పరీక్షింపక పిల్లవానిని పరుగెత్తింపరాదు. ఆకలితో వచ్చినవానికి ముందు అన్నము, పిమ్మట ఆట. పరుగులో ఎవని వేగమును వాని పాతవేగముతోనే పోల్చవలెను. దార్ఢ్యమునకు ర్యాంకులు కట్టినచో అదియు మరియొక పరీక్షయై భయపెట్టును.

ఇక నా తీర్పు. వ్యాయామము ప్రతి బాలుని తరగతిలో ప్రథమునిగా చేయునని పరిశోధనలు నిరూపింపలేదు; అట్లు చెప్పి అమ్మజూపువారిని నమ్మరాదు. కాని పై ప్రయోగములలో పాఠమునుండి తీసి ఆటకిచ్చిన కాలమువలన చదువు చెడలేదు. వెనుకబడినవారికిని బాలికలకును కొంత మేలును జరిగినది. కంటికి, గుండెకు, నిద్రకు కలుగు లాభము వేరుగా నున్నది. కావున సాక్ష్యము చూపవలసిన భారము ఇకపై ఆటగంటను కోరువారిపై లేదు, దానిని తీసికొనువారిపై నున్నది. మార్కులు పెరుగకున్నను ఆట ఆటగానే పిల్లలకు చెందవలసినది. సూర్యరశ్మికిని నవ్వునకును మార్కుల సిఫారసు అక్కరలేదు.

ఈ వ్యాసము ఏ డ్రిల్లు మాస్టరు చేతనైన పడినచో ఆయనకొక మనవి. రాబోవు దసరా సెలవుల తరువాత గణితోపాధ్యాయుడు మీ గంటను అడుగవచ్చినపుడు మొగమాటపడకుడు. అది పిల్లల గంట. ఇచ్చివేయుటకు మీకు అధికారము లేదు.